అప్పు తీరిన సందర్భానికి పెళ్ళైన స్నేహితురాళ్ళను ద్రాక్షతోటకు పిలవాలనుకుంటున్నాను: సభ్యుల అభిప్రాయం కావాలి

లక్ష్మీపురం302 — జనవరి 18, రాత్రి 9.50

సభ్యులందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఆడిట్ వృత్తిలో ఉన్నాను. వయసు 39 ఏళ్ళు. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోవాలన్న ఆలోచన కూడా లేదు. సంక్రాంతికి వచ్చిన బంధువులు వెళ్ళిపోయాక బీరువా సర్దుతుంటే నా పాత డైరీ ఒకటి బయటపడింది. ఏదైనా రాసిపెట్టుకునే అలవాటు వృత్తితో వచ్చింది కాబట్టి, స్నేహితుల ఇళ్ళలో జరిగిన శుభకార్యాలకు నేను చదివించినదంతా తేదీలతో సహా అందులో ఉంది. కాలేజీలో మేము ఐదుగురం ఒక జట్టు. మిగిలిన నలుగురి పెళ్ళిళ్ళు, సీమంతాలు, ఏడు బారసాలలు, రెండు ఓణీల ఫంక్షన్లు, ఒక పంచెకట్టు, మూడు గృహప్రవేశాలు, చివరికి ఒకామె అత్తమామల షష్టిపూర్తి కూడా అందులో ఉన్నాయి. మొత్తం ఎంతయిందో లెక్క వేశాను గాని ఇక్కడ రాయను, ఎందుకంటే నా బాధ డబ్బు గురించి కాదు.

చదివింపుల సంగతి మన ప్రాంతం వారికి వివరించనక్కరలేదు. పుస్తకంలో పేరు, ఊరు, మొత్తం రాసుకుంటారు. రేపు అవతలి వారి ఇంట్లో కార్యం జరిగితే ఆ పుస్తకం తిరగేసి, అంతకు తగ్గకుండా చదివించి వస్తారు. ఈ ఏర్పాటులో పెళ్ళి కాని మనిషికి ఖర్చు వైపు పేజీలే తప్ప జమ వైపు పేజీ లేదని, పదిహేనేళ్ళు లెక్క రాసిన నేను ఆ రోజే గమనించాను. నేను కట్టుకున్న ఇల్లు ఒకటి ఉంది కదా అంటారేమో. 2016లో ఫ్లాట్ గృహప్రవేశం నాడు పీటల మీద దంపతులే కూర్చోవాలన్నారు కాబట్టి అన్నయ్య, వదిన కూర్చున్నారు. నా ఇంటి గృహప్రవేశంలో నేను హారతి పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడ్డాను.

ఇరవై ఏళ్ళ గృహరుణం గత నవంబరులో, అంటే పదేళ్ళకే, తీరిపోయింది. బ్యాంకు వారు దస్తావేజులు చేతిలో పెట్టారు. నేను వాటిని సంచీలో పెట్టుకుని, దారిలో కూరగాయలు కొనుక్కుని ఇంటికి వచ్చాను. అప్పు తీరిన రోజుకు మన పంచాంగంలో ముహూర్తం లేదు, శుభలేఖ లేదు, పిలుపు లేదు. అందుకని నేనే పిలవాలనుకున్నాను. బెంగళూరు దగ్గర నంది కొండల కింద ద్రాక్షతోటలు, వైన్ తయారుచేసే చోట్లు ఉన్నాయని, అక్కడ రుచి చూపిస్తూ తోట తిప్పి చూపిస్తారని చదివాను. నలుగురినీ ఒక్క రోజు నా ఖర్చుతో అక్కడికి తీసుకువెళ్ళాలని ఉంది. ఈ మాట చెప్పగానే ఇద్దరు తమ ఇంట్లో అడిగి చెబుతామన్నారు, ఒకామె తాను ముట్టనని చెప్పింది, నాలుగో ఆమె మాత్రం “ఇంతకీ ఏం సందర్భమే?” అని అడిగింది. ఆ ప్రశ్న నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. ఇలా కోరుకోవడం అతిగా ఉందా? అలాగే వైన్ రుచి చూడడం గురించి తెలిసిన వారెవరైనా ఉంటే చెప్పండి. నేను ఇంతవరకు రెండే రెండుసార్లు, అదీ పెద్ద హోటల్ విందుల్లో, తాగాను.

పెదకాకాని_పెద్దాయన — జనవరి 18, రాత్రి 10.25

అమ్మా, ముందుగా అభినందనలు. ఇరవై ఏళ్ళ అప్పును పదేళ్ళలో తీర్చడం చిన్న విషయం కాదు. నేనైతే పదిహేనేళ్ళ అప్పును పద్దెనిమిదేళ్ళు కట్టాను. చదివింపుల గురించి మీరు రాసినది చదివి కొంచెం సిగ్గుపడ్డాను, ఎందుకంటే మా చిన్న చెల్లెలు పెళ్ళి చేసుకోలేదు. ఆమె మా ఇంట్లో ప్రతి కార్యానికీ బంగారమో వెండో తెచ్చింది. మేము ఆమెకు పండక్కి చీర పెట్టడం తప్ప ఏమీ చేసిన గుర్తు లేదు. అయితే ఒక పెద్దవాడిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. వేడుకే కావాలంటే సత్యనారాయణ వ్రతం చేసుకుని పదిమందికి భోజనం పెట్టవచ్చు కదా, అంత దూరం వెళ్ళి మద్యం ఎందుకు? తగిన సంబంధం వస్తే పెళ్ళి గురించి కూడా ఆలోచించండి.

కృష్ణలంక_గట్టు — జనవరి 18, రాత్రి 11.05

పెద్దాయన గారూ, సత్యనారాయణ వ్రతానికి కూడా పీటల మీద దంపతులనే కూర్చోబెడతారు. ఆమె మళ్ళీ హారతి పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడవలసిందే.

లక్ష్మీపురం గారూ, నేను విజయవాడలో లెక్చరర్‌ని. నాకు 44 ఏళ్ళు. మీ అనుభవానికి మగవారి వైపు నుంచి ఒక పేజీ జోడిస్తాను. మిమ్మల్ని పిలిచి పక్కన నిలబెడతారు, మమ్మల్ని అసలు పిలవరు. స్నేహితులు కుటుంబాలతో భవానీ ద్వీపానికో సూర్యలంక బీచికో వెళ్ళేటప్పుడు ఒంటరి మగవాడు ఉంటే ఆడవారికి ఇబ్బందిగా ఉంటుందని వదిలేస్తారు. ఇక మగవారు మాత్రమే కలిసే రోజున పిలిచినా, తాగని వాడిని కాబట్టి రాత్రి అందరినీ ఇళ్ళ దగ్గర దించే పని నాదే అవుతుంది. ఇరవై ఏళ్ళుగా బెంజి సర్కిల్ నుంచి పటమట వరకు, పటమట నుంచి కానూరు వరకు ఎవరి గుమ్మం ఎక్కడో నాకు చీకట్లో కూడా తెలుసు. మీరు పిలిచే స్థానంలో ఉండాలనుకోవడం అతి కాదు. “ఏం సందర్భం” అన్న ఆమెకు మీరేం జవాబు చెప్పారో తెలుసుకోవాలని ఉంది.

లక్ష్మీపురం302 — జనవరి 19, ఉదయం 6.40

“ఊరికే” అన్నాను. అదే తప్పు చేశాను.

మొగల్రాజపురం_వదిన — జనవరి 19, మధ్యాహ్నం 2.15

నేను పెళ్ళైన వైపు నుంచి మాట్లాడతాను, కోపం తెచ్చుకోకండి. మా జట్టులో కూడా పెళ్ళి కాని ఒక స్నేహితురాలు ఉంది. ఆమెను పిలవడం ఎందుకు తగ్గించామని నన్ను నేను అడుగుకుంటే వచ్చే జవాబు గొప్పగా ఉండదు. మా మాటలన్నీ ట్యూషన్లు, అత్తగారి మోకాళ్ళ ఆపరేషన్, వంటమనిషి రాకపోవడం చుట్టూ తిరుగుతాయి కాబట్టి ఆమెకు విసుగు పుడుతుందని మేమే నిర్ణయించేశాం, ఆమెను అడగలేదు. ఆమె జీతమంతా ఆమె చేతిలోనే ఉంటుందని, అనుకున్నప్పుడు ఊటీ వెళ్ళగలదని లోపల కొంత అసూయ కూడా ఉంది. ఆ అసూయను జాలిగా మార్చుకుని, “పాపం, ఒంటరిది” అని చెప్పుకుంటే మాకు సౌకర్యంగా ఉంటుంది.

“ఇంట్లో అడిగి చెబుతాను” అన్న మాటను మాత్రం తప్పుగా తీసుకోవద్దని మనవి. అది చాలా ఇళ్ళలో అనుమతి గురించిన మాట కాదు, ఆ రోజు పిల్లలను ఎవరు చూస్తారు, పాలు ఎవరు తోడు పెడతారు అన్న లెక్క. కాబట్టి తేదీ మీరే నిర్ణయించి, మూడు వారాల ముందే చెప్పండి. ఫిబ్రవరిలో ఇంటర్ ప్రాక్టికల్స్ ఉంటాయి, పదో తరగతి పిల్లలున్న ఇల్లయితే మార్చి మొత్తం కదలరు. అన్నింటికన్నా ముఖ్యంగా, ఈసారి “ఊరికే” అనకండి. అప్పు తీరిందని, ఇది మీ ఇంట్లో కార్యమని చెప్పి పిలవండి. కార్యమని చెబితే మన వాళ్ళు ఎలాగైనా వస్తారు, సరదాకి అంటేనే వంద అడ్డంకులు చెబుతారు.

దూబగుంట_మనవరాలు — జనవరి 19, సాయంత్రం 7.30

నేను వేరే మాట చెప్పాలి. మా అమ్మమ్మది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమంలో, మా ఊళ్ళో సారా పాకెట్లు తెచ్చిన బండిని ఆపిన ఆడవారిలో ఆమె ఒకరు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. మా ఇంట్లో ఈ సంవత్సరాలను పుట్టినరోజుల్లాగా చెప్పుకుంటారు. గ్లాసు పొడుగ్గా, కాడతో ఉన్నంత మాత్రాన అందులోది వేరే వస్తువు కాదు. ఒంటరి స్త్రీ పండగ చేసుకోవాలన్న కోరికతో నాకు ఏ పేచీ లేదు, పూర్తిగా సమర్థిస్తున్నాను. కాని ఆ పండగకు గుర్తుగా మద్యాన్నే ఎందుకు ఎంచుకున్నారని మాత్రం అడుగుతున్నాను.

లక్ష్మీపురం302 — జనవరి 19, రాత్రి 9.10

మీ ప్రశ్న న్యాయమైనదే, దానికి దాపరికం లేకుండా జవాబు చెబుతాను. నేను చేసుకోగలిగిన మిగతా వేడుకలన్నీ ఎవరో ఒకరి కార్యానికి నకళ్ళలాగా అనిపించాయి. చీర పెడితే సీమంతం గుర్తుకు వస్తుంది, భోజనం పెడితే అది గృహప్రవేశం రెండో విడత అవుతుంది. మా నలుగురి ఇళ్ళలో ఎవరూ ఇంతవరకు చేయని పని కావాలనిపించింది. అంతే తప్ప తాగాలన్న కోరిక కాదు. మీ అమ్మమ్మ గారికి నా నమస్కారం చెప్పండి. ముట్టని స్నేహితురాలిని బలవంతం చేయనని, ఎవరూ తూలేంత తాగరని మాట ఇస్తున్నాను.

ద్రాక్షాపాకం — జనవరి 19, రాత్రి 11.45

మాది తెనాలి. పన్నెండేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాను. ఆ తోటలకు చాలాసార్లు వెళ్ళాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నా పేరు చూసి నవ్వుకోకండి. కవిత్వాన్ని నోట్లో వేసుకోగానే రసం ఊరే ద్రాక్షాపాకంగా, తొక్క ఒలవవలసిన కదళీపాకంగా, పగలగొట్టవలసిన నారికేళపాకంగా విభజించిన మనవాళ్ళకు రుచి చూడడం ఎవరో కొత్తగా నేర్పవలసిన విద్య కాదని నా నమ్మకం. ద్రాక్షను పులియబెట్టడం కూడా మనకు కొత్త కాదు. ఆయుర్వేద దుకాణంలో అమ్మే ద్రాక్షారిష్టం ధాతకీ పుష్పాలు వేసి పులియబెట్టినదే, అందులో సహజంగా పుట్టిన ఆల్కహాలు ఉంటుంది.

నంది కొండల దగ్గర దొడ్డబళ్ళాపురం వైపు ఉన్న గ్రోవర్ తోటలు 1988లో మొదలయ్యాయి. నాసిక్‌లో సూలా అనే వైన్ సంస్థ వారు 2005లో రుచి చూపే గదిని తెరిచాక ఈ రకమైన విహారం మన దేశంలో అందరికీ తెలిసింది. మనవాళ్ళ చెయ్యి కూడా ఇందులో ఉంది. హైదరాబాదులో గ్రాన్యూల్స్ అనే మందుల సంస్థను స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపి కొండల దగ్గర పెంచిన తోటకు తమ ఇద్దరి పేర్లు కలిపి క్రిస్మా అని పేరు పెట్టారు. మీరు గుంటూరు నుంచి వస్తారు కాబట్టి నంది కొండలే నయం. కొండవీడు ఎక్స్‌ప్రెస్‌లో గాని ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో గాని ఎక్కితే మర్నాడు బెంగళూరు చేరతారు. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు ఈ ప్రయాణానికి ఆ రైలు పేరు విని సంతోషించేవాడేమో.

జనవరి నుంచి మార్చి లోపు కోత కాలం, అందుకే మీరు ఫిబ్రవరిలో వస్తే గుత్తులు తీగల మీదే కనిపిస్తాయి. చలిదేశాల్లో తీగ చలికాలమంతా నిద్రపోతుంది. మన వాతావరణంలో దానికి నిద్ర లేదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, వానలు వెనక్కి తగ్గాక కాపు వచ్చేలా చేస్తారు. అక్కడి పండు మన బజారులో దొరికే పండులా ఉంటుందని ఆశించవద్దు. మన బండ్ల మీద అమ్మే బెంగళూరు నల్లద్రాక్ష ఆ నంది లోయదే అయినా, మంచి వైన్‌కు వాడే రకాలు వేరు. అవి చిన్న గింజల్లా ఉంటాయి, తొక్క మందంగా, లోపల విత్తనం, తీపి మాత్రం నాలుక అంటుకుపోయేంత ఉంటుంది. చాలా రకాల ద్రాక్షను పిండితే రసం దాదాపు రంగు లేకుండానే వస్తుంది. తొక్కతో కలిపి పులియబెడితే ఎరుపు దిగుతుంది, తొక్క తీసేసి పులియబెడితే తెలుపు అవుతుంది. రుచి గదిలో ముందు తెలుపు, తరువాత ఎరుపు, చివర తీపివి పోస్తారు, ఎందుకంటే బరువైనది ముందు తాగితే తేలికైన దాని రుచి నాలుకకు తెలియదు.

గ్లాసును బొజ్జ దగ్గర కాకుండా కాడ దగ్గర పట్టుకోండి, లేకపోతే చేతి వేడి వైన్‌కు తగులుతుంది. గ్లాసును మెల్లగా గుండ్రంగా తిప్పి, ముక్కు పెట్టి వాసన చూడండి. సగం రుచి అక్కడే తెలిసిపోతుంది. తరువాత చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పండి. ఎర్ర వైన్ తాగగానే చిగుళ్ళు బిగుసుకున్నట్టు అనిపిస్తే భయపడవద్దు, దానికి కారణం టానిన్ అనే వగరు పదార్థం. ఉగాది పచ్చడిలో మామిడి పిందె ఇచ్చే వగరు మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు కదా, అదే ఇది. పక్కన ఒక పాత్ర ఉంటుంది, రుచి చూసి అందులో ఉమ్మేయవచ్చు. మనవాళ్ళకు నలుగురిలో ఉమ్మడం నామోషీగా ఉంటుంది గాని అక్కడ అలా చేసే వారినే రుచి తెలిసినవారిగా చూస్తారు. వైన్‌లో ఆల్కహాలు సాధారణంగా 12 నుంచి 14 శాతం ఉంటుంది, అంటే బీరుకన్నా బాగా ఎక్కువ. పోసేది రెండు గుక్కలే అయినా ఐదారు రకాలు మింగితే తెలుస్తుంది.

చివరగా భోజనం సంగతి. గుంటూరు కారం పొడి, ఆవకాయ సంచీలో పెట్టుకుని రావద్దు. ఎర్ర వైన్ వగరు, కారం కలిస్తే నోరు మండిపోతుంది. కారం తినక తప్పదంటే కొంచెం తీపి ఉన్న తెల్ల వైన్ దానికి తగినది. కారు మాట్లాడుకోండి, మీలో ఎవరూ నడపవద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే చట్టప్రకారం నేరం. సీసాలు కొని రాష్ట్రం దాటించే ఆలోచన ఉంటే ఎక్సైజ్ నిబంధనలు ముందే చూసుకోండి, లేదా గ్లాసులతో సరిపెట్టుకోండి.

కృష్ణలంక_గట్టు — జనవరి 20, ఉదయం 7.10

ఇంతకన్నా మంచి పాఠం మా కాలేజీలో కూడా జరగదు. ఒక్క సందేహం: ముట్టని ఆమె అక్కడ ఏం చేస్తుంది?

ద్రాక్షాపాకం — జనవరి 20, ఉదయం 8.00

వాసన చూస్తుంది. తోట చూడవచ్చు, ఓక్ పీపాలున్న చల్లటి గదిలోకి వెళ్ళవచ్చు, గ్లాసు తిప్పి ముక్కుతో చెప్పవచ్చు. ఆమెకు సగం రుచి ఎలాగూ దక్కుతుంది.

లక్ష్మీపురం302 — ఫిబ్రవరి 16, రాత్రి 10.30

వెళ్ళి వచ్చాము. సలహాలిచ్చిన వారందరికీ జరిగింది చెప్పడం నా బాధ్యత.

మొగల్రాజపురం వదిన గారు చెప్పినట్టే, నలుగురికీ ఫోన్ చేసి “మా ఇంట్లో కార్యం, అప్పు విముక్తి, తప్పక రావాలి” అని పిలిచాను. నలుగురూ ఒప్పుకున్నారు గాని చివరి వారంలో ఒకామె కొడుకు పదో తరగతి ప్రీఫైనల్ తేదీ మారడంతో ఆమె ఆగిపోయింది. “ఏం సందర్భం” అని అడిగింది ఆమే. మనసులో కొంచెం గుచ్చుకుందని ఒప్పుకుంటున్నాను. ముగ్గురూ వచ్చారు. రైలులో పులిహోర, దద్దోజనం తిన్నాం, ఆవకాయ తేలేదు.

తోటలో గైడుగా వచ్చిన అబ్బాయి మొదటి ప్రశ్నగా ఏం సందర్భమని, పుట్టినరోజా, పెళ్ళిరోజా అని అడిగాడు. నాకు నోరు పెగల్లేదు. ముట్టనని చెప్పిన స్నేహితురాలే ముందుకు వచ్చి, “మా అమ్మాయి ఇల్లు మొత్తం తన సొంతమైంది” అని చెప్పింది. ఆ అబ్బాయికి పూర్తిగా అర్థం కాకపోయినా అభినందనలు చెప్పాడు. తీగల మధ్య నడుస్తుంటే గుత్తులు మరీ చిన్నవిగా, బూడిద పూసినట్టుగా ఉన్నాయి. ఒక పండు నోట్లో వేసుకుంటే ద్రాక్షాపాకం గారు రాసినట్టు నిజంగానే నాలుక అంటుకుపోయింది.

రుచి గదిలో జరిగినది నేను ఊహించనిది. సోవిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ పోసి వాసన చెప్పమంటే మేమందరం ముఖాలు చూసుకున్నాం. ముట్టని మా స్నేహితురాలు గ్లాసులో ముక్కు పెట్టి, “దోర జామకాయ కోసినట్టుంది” అంది. గైడు ఆశ్చర్యపోయి, ఆ రకానికి సరిగ్గా ఆ పోలికే చెబుతారన్నాడు. అప్పటి నుంచి ఆమే మాకు గురువు. షిరాజ్ అనే ఎర్రదాని దగ్గర మిరియాల చారు అంది, అది కూడా నిజమేనట. తాగిన మాకు ముగ్గురికీ కలిపి తోచిన మాట ఒక్కటే: నేరేడు పళ్ళు తిన్నాక నాలుక ఎలా పట్టుకుపోతుందో అలా ఉంది. ఉమ్మే పాత్రను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఇంత ఖరీదైనది ఉమ్మితే లక్ష్మి పోతుందని ఒకామె, ఆడిటరుగా నేను ఒప్పుకోనని నేను. అందుకే నాలుగో గ్లాసుతో ఆపేశాం. మధ్యలో రెండుసార్లు ఇళ్ళ నుంచి ఫోన్లు వచ్చాయి, రెండూ ఫ్రిజ్‌లో ఏది ఎక్కడుందన్న ప్రశ్నలే.

అంతా అద్భుతంగా జరిగిందని మాత్రం రాయను. తిరుగు ప్రయాణంలో ముగ్గురూ పిల్లల కోచింగ్ ఫీజుల గురించి రెండు గంటలు మాట్లాడుకున్నారు, నేను పై బెర్తు ఎక్కి పడుకున్నాను. అయితే ఈసారి పై నుంచి వింటుంటే అది నన్ను వదిలేసిన మాటలా కాక, పక్కింటి రేడియోలా వినిపించింది.

అసలు విషయం ఇంకొకటి ఉంది. భోజనాల దగ్గర ముగ్గురూ కవర్లు తీశారు. ఒకామె తన కూతురి వంద పేజీల నోటు పుస్తకం తెచ్చి, మొదటి పేజీలో పసుపు బొట్టు పెట్టి, పేరు, ఊరు రాసి, 1,116 రూపాయల చొప్పున చదివించారు. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. రాలేని స్నేహితురాలు పంపిన కవరు అన్నింటికన్నా చివర తెరిచాను. అందులో 516 రూపాయలు ఉన్నాయి. ఇంతేనా అని ఒక్క క్షణం అనుకున్నాను. ఇంటికి వచ్చి డైరీ చూస్తే, 2009లో ఆమె పెళ్ళికి, నేను ఆర్టికల్‌షిప్ (ఆడిట్ శిక్షణ) స్టైపెండ్‌తో బతుకుతున్న రోజుల్లో, నేను చదివించింది సరిగ్గా 516 రూపాయలు. పదహారేళ్ళ తరువాత ఆమె తన పెళ్ళి పుస్తకం వెదికి తీసి నా పేరు చూసుకుంది.

పెదకాకాని_పెద్దాయన — ఫిబ్రవరి 16, రాత్రి 11.00

అమ్మా, వ్రతం గురించి, సంబంధం గురించి నేను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. వచ్చే నెల మా చెల్లెలు ఉద్యోగ విరమణ చేస్తోంది. మద్యం లేకుండా ఏదైనా చేయాలని ఉంది. ఎలా పిలవాలో చెప్పగలరా?

దూబగుంట_మనవరాలు — ఫిబ్రవరి 17, ఉదయం 6.15

ముట్టని ఆమెకు నా తరఫున అభినందనలు. నా అభిప్రాయం మారలేదు, కాని ఆ జామకాయ మాట అమ్మమ్మకు చదివి వినిపిస్తే నవ్వింది.

కృష్ణలంక_గట్టు — ఫిబ్రవరి 17, ఉదయం 7.00

ఆ 516 రూపాయలు ఏం చేశారు?

లక్ష్మీపురం302 — ఫిబ్రవరి 17, ఉదయం 9.20

డైరీలో జమ వైపు గడి లేదు, స్కేలు పెట్టి గీసుకోవలసి వచ్చింది. పెద్దాయన గారూ, మీ చెల్లెలి గారి పేరు మీద శుభలేఖ అచ్చు వేయించండి. ఆహ్వానించేది ఆమె అయి ఉండాలి, మీరు కాదు. కృష్ణలంక గారూ, మీరు కూడా వెళ్ళే ఉద్దేశంలో ఉంటే కొండవీడు ఎక్స్‌ప్రెస్ వారానికి మూడు రోజులే ఉంటుంది. తిరుగు టికెట్ ముందే తీసుకోండి. ఈసారి కారు డ్రైవరును పెట్టుకోండి, మీరు నడపవద్దు.